తారకం గారు మనవారు కాదా?

పోయిన ఆగస్టు 9న హిందూపురంలో ఆదివాసీ దినోత్సవం జరుపుకున్నాం. బల్ల మీద కొమురం భీం, బిర్సా ముండా, అంబేడ్కర్ ఫొటోలు పెట్టాం. నేను ఇంటి నుంచి ఇంకో ఫొటో తీసుకుపోయి వాటి పక్కన పెట్టాను. అది బొజ్జా తారకం గారిది. డిగ్రీ చదివే పిల్లవాడొకడు దగ్గరికొచ్చి, "ఈయనెవరు సార్?" అన్నాడు. చెప్పాను. "దళితుల లాయరు గదా సార్, మన మీటింగులో ఎందుకు?" అన్నాడు. పక్కనున్న ఇద్దరు టీచర్లు వాడి మాటే సబబన్నట్టు తలూపారు. ఫొటో ఎవరూ తియ్యలేదు గానీ దానికి దండ మాత్రం పడలేదు.

ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. వాడికి చెప్పవలసినవాళ్ళం మనం, చెప్పలేదు. తలూపిన టీచర్ల మీదే నా కోపం. ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెబుతూ, ఎస్టీ రిజర్వేషన్‌లో ఉద్యోగం తెచ్చుకుని, మన ఒంటి మీద చెయ్యి పడకుండా అడ్డం నిలిచే చట్టం ఎవరి రక్తంతో వచ్చిందో తెలియకుండా బతకడం చిన్న తప్పు కాదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. అది కూడా చెబుతాను.

ముందు ఈ "మన", "వాళ్ళ" లెక్క చూద్దాం. నేను ఎరుకల ఇంట పుట్టాను. మా జేజి పుట్టిల్లు గౌరిబిదనూరు పక్క పల్లె. హిందూపురంలో బస్సెక్కితే గంటలోపే చేరతాం. అక్కడ మావాళ్ళను కొరచ అనీ కొరమ అనీ పిలుస్తారు. ఇంట్లో మాట్లాడుకునే మాట ఒకటే, అల్లే బుట్ట ఒకటే, ఊరి చివర గుడిసె ఒకటే. కానీ కర్ణాటక జాబితాలో వాళ్ళు ఎస్సీలు, ఆంధ్ర జాబితాలో మేము ఎస్టీలు. సుగాలీ అన్నదమ్ములదీ ఇదే కథ. ఇటు తండాలో ఉంటే ఎస్టీ, అటు తండాలో ఉంటే లంబాణీ పేరుతో ఎస్సీ. మా జేజి పిల్లలు ఎస్టీలు, ఆమె అన్నదమ్ముల పిల్లలు ఎస్సీలు. ఇప్పుడు చెప్పండి, తారకం గారు జేజి ఇంటికి పరాయివారా, పుట్టింటికి మాత్రమే చుట్టమా? ప్రభుత్వం కాగితం మీద గీసిన గీతను మనం మన గుండెల మీద గీసుకున్నాం.

పదవి వదులుకున్న మనిషి

తారకం గారు 1939లో కోనసీమలోని కందికుప్పలో పుట్టారు. తండ్రి బొజ్జా అప్పలస్వామి గారు అంబేడ్కర్ బాట పట్టిన నాయకుడు, శాసనసభ్యుడు. కొడుకు లా చదివి నిజామాబాద్‌లో ప్రాక్టీసు పెట్టారు. అక్కడ అంబేడ్కర్ యువజన సంఘం కట్టి కూలీల వైపు నిలబడ్డారు. ఎమర్జెన్సీలో జైలుకు పోయారు. తర్వాత హైదరాబాదు వచ్చి హైకోర్టులో వకీలయ్యారు, ప్రభుత్వ ప్లీడరయ్యారు. పేదింటి నుంచి వచ్చిన వకీలుకు అది చిన్న పదవి కాదు. అక్కడి నుంచి ఇంకా పైకి దారి ఉంటుందని కోర్టు ఆవరణలో తిరిగే ప్రతివాడికీ తెలుసు.

1985 మార్చి ఎన్నికల్లో ఎన్.టి. రామారావు గారు మన హిందూపురం నుంచి గెలిచారు, ముఖ్యమంత్రిగా ఉన్నారు. అంటే అప్పటి ముఖ్యమంత్రి మన ఎమ్మెల్యే. అయిదు నెలలు తిరక్కుండానే, జూలై 17న, ప్రకాశం జిల్లా కారంచేడులో భూస్వాములు మాదిగపల్లె మీద పడ్డారు. తాగే నీళ్ళ చెరువు దగ్గర మొదలైన మాట ఆరుగురి ప్రాణాలు తీసింది. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు జరిగాయి. బతికినవాళ్ళు చీరాలకు పరిగెత్తారు. ఆ ఊరు ముఖ్యమంత్రి గారి వియ్యంకుల ఊరు. ఆ ప్రభుత్వం తరఫునే హైకోర్టులో తారకం గారు వాదిస్తున్నారు.

ఆయన రాజీనామా చేశారు. చేసి చీరాల శిబిరంలో ఉన్నవాళ్ళ దగ్గరికి పోయారు. ఆ పోరాటంలోంచి పుట్టిన దళిత మహాసభకు అధ్యక్షుడయ్యారు, కత్తి పద్మారావు గారు కార్యదర్శి అయ్యారు. తర్వాత రిపబ్లికన్ పార్టీ నాయకుడిగా ఊరూరా తిరిగారు. 2016 సెప్టెంబర్ 16న కన్నుమూసేదాకా కోర్టులో నల్లకోటు, బయట జెండా రెండూ మోశారు.

మన పిల్లలు అడుగుతారు: "ఎమ్మెల్యే అయినాడా సార్?" కాలేదు. "మంత్రి?" కాలేదు. "మరి ఏం నాయకుడు?" ఈ ప్రశ్న వాళ్ళది కాదు, మనం నేర్పిందే. నాయకుడంటే కారు, కండువా, గన్‌మెన్ అని మనమే చూపించాం. మీరొక సంగతి గమనించండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలకు ఏడు అసెంబ్లీ సీట్లున్నాయి. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. ఏడూ ఏజెన్సీ వైపే. రాయలసీమలో ఒక్కటీ లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో ఉండే ఎరుకల, సుగాలీ, యానాది పిల్లలకు సీటు దారి దాదాపు మూసుకుపోయింది. పెద్ద పార్టీలో కండువా కప్పుకుని వెనక వరసలో కుర్చీ వెతుక్కోవడం ఒక దారి. సీటు లేకుండానే ప్రభుత్వాన్ని నిలదీసే రాజకీయం ఇంకో దారి. ఆ రెండో దారి ఎట్లుంటుందో చేసి చూపించిన మనిషి తారకం గారు. మనకు ఆయన అవసరం ఏజెన్సీ వాళ్ళకన్నా ఎక్కువ.

చట్టం పేరులో సగం మనది

1955లో ఒక చట్టం వచ్చింది. అది అంటరానితనం మీద వచ్చిన చట్టం. మన తెగలను పేరు పెట్టి కాపాడిన మాట అందులో లేదు. తర్వాత తమిళనాడు కీలవేణ్మణిలో 1968లో, బీహార్ బెల్చిలో 1977లో, కారంచేడులో 1985లో మనుషుల్ని కాల్చారు, నరికారు. మన ఆదివాసుల మీద 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసులు తుపాకులు పేల్చారు. ఒక్క కారంచేడు వల్లే కొత్త చట్టం వచ్చిందని నేను అనను. కానీ కారంచేడు తర్వాత లేచిన ఉద్యమం లేకుండా 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చేదని కూడా ఎవరూ అనలేరు. ఆ చట్టం పేరు మళ్ళీ చదవండి. ఎస్సీ, ఎస్టీ. దళితులు నెత్తురోడ్చి తెచ్చిన చట్టంలో సగం పేరు మనది. పేరు తీసుకున్నాం, ఫొటోకు దండ మాత్రం వెయ్యలేకపోయాం.

మనకు ఆ చట్టం ఎంత అవసరమో తెలుసా? మన శ్రీ సత్యసాయి జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. పాడేరులో గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనకుండా 1/70 అడ్డుకుంటుంది. ఇక్కడ 1/70 లేదు, పెసా గ్రామసభ లేదు. డి.పట్టా భూమికి 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఉంది. దాన్ని కూడా 2023లో సవరించి, ఇరవై ఏళ్ళు దాటిన పట్టాలు అమ్ముకోవచ్చన్నారు. మైదాన ప్రాంతపు గిరిజనుడికి ఇంక మిగిలింది ప్రధానంగా ఈ అట్రాసిటీ చట్టమే. చెట్టుకు కట్టేసి కొడితే అది. కులం పేరుతో నలుగురిలో తిడితే అది. పొలంలోంచి గెంటేస్తే అది. దొంగతనం అంటగట్టి తప్పుడు ఫిర్యాదు చేస్తే అది.

ఆఖరిది మా ఎరుకలవాళ్ళకు బాగా తెలిసిన సంగతి. తెల్లవాళ్ళు 1871లో చేసిన నేర తెగల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. పుట్టిన బిడ్డ కూడా దొంగేనన్నారు. స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేశారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. ఊరివాళ్ళ నోట్లోంచి ఆ మాట మాత్రం పోలేదు. తారకం గారు 'పోలీసులు అరెస్టు చేస్తే' అని ఒక పుస్తకం రాశారు. అరెస్టయిన మనిషికి ఏ హక్కులుంటాయో మామూలు తెలుగులో చెప్పే పుస్తకం. హైకోర్టు వకీలు మామూలు మనిషి కోసం కూర్చుని అటువంటి పుస్తకం రాశాడంటే, ఆ పుస్తకం దళితులకు రాసిందా, ఎరుకలోళ్ళకు రాసిందా? రాత్రి పూట తలుపు తట్టించుకునే ప్రతి ఇంటికీ రాసింది.

నా చేతిరాత

ఇప్పుడు నా సంగతి.

పదమూడేళ్ళ కిందట మా బంధువుల పల్లెలో ఒక రైతు బోరు మోటారు కనబడలేదు. ఎవరు తీశారో ఎవరికీ తెలియదు. ఎరుకల ఇల్లున్న ఊళ్ళో తెలియాల్సిన పని కూడా లేదు. నాకు మేనల్లుడు వరసయ్యే పంతొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి వేపచెట్టుకు కట్టేసి కొట్టారు. రెండు రోజులకు తెలిసింది, ఆ రైతు తమ్ముడే మోటారును వైండింగ్‌కు వేసి వచ్చాడని.

కేసు పెట్టాం. వారం లోపల పెద్దమనుషులు ఇంటికొచ్చారు. వాళ్ళలో మన సంఘం నాయకుడూ ఉన్నాడు. "ఊళ్ళో బతకాల్సినోళ్ళు, కోర్టుల చుట్టూ తిరిగి ఏం సాధిస్తారు? నలభై వేలు ఇప్పిస్తాం" అన్నారు. పిల్లవాడి తల్లి నా మొహం చూసింది. "నువ్వు సదువుకున్నోడివి గదన్నా, నువ్వెట్లంటే అట్ల" అంది.

నేను సరే అన్నాను. పెద్దమనుషుల ముందు చిన్నవాణ్ణి కావడం ఇష్టం లేదు. ఆ మండలంలోనే ఉద్యోగం చేసుకోవాలి, అదీ ఒక భయం. నా చేతిరాత బాగుంటుందని పేరు కాబట్టి కాగితం కూడా నా చేతనే రాయించారు. ఇరువర్గాలూ ఇకమీదట అన్యోన్యంగా ఉండుటకు అంగీకరించడమైనది అని రాశాను. ఇట్లాంటి కేసులో రాజీ కాగితానికి కోర్టులో విలువ లేదు. అందుకని రాజీ దొంగదారిన నడుస్తుంది, సాక్ష్యం మార్చి చెబుతారు. పిల్లవాడు బోనెక్కి, నన్నెవరూ కొట్టలేదు, చెట్టు మీంచి పడినాను అన్నాడు. కేసు కొట్టేశారు.

బయటికొచ్చినాక, "మామా, చెట్టు మీంచి పడినానని చెప్తి గదా. ఇంగ నేను ఆ ఊరికి పోను" అన్నాడు. బెంగళూరు పోయి సెంట్రింగ్ పనిలో చేరాడు. ఇప్పటికీ పండగకు రాడు.

రెండేళ్ళకు అదే చెట్టుకు ఇంకో పిల్లవాణ్ణి కట్టేశారు. వాళ్ళెందుకు భయపడతారు? ఒక దెబ్బకు ధరెంతో వాళ్ళకు తెలిసిపోయింది. ఆ ధర కాగితం నేనే రాసిచ్చాను.

రాజీ ఢిల్లీ దాకా పోతుంది

ఇది మా ఇంటి సంగతి, మా ఊరి సంగతి అనుకున్నాను. కాదని 2018లో తెలిసింది.

సాక్షి మాట మారిస్తే కేసు కొట్టేస్తారు. కొట్టేసిన కేసు లెక్కలోకి ఎక్కుతుంది. ఆ లెక్కలో నలభై వేలు కనబడవు, పెద్దమనుషులు కనబడరు, వేపచెట్టు కనబడదు. నిలబడని కేసు అని ఒక అంకె మాత్రం కనబడుతుంది. అట్లాంటి అంకెలన్నీ కూడితే "అట్రాసిటీ కేసులన్నీ తప్పుడు కేసులే" అనే మాట తయారవుతుంది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఈ చట్టం దుర్వినియోగం అవుతోందంటూ కొత్త షరతులు పెట్టింది. కేసు కట్టే ముందు ప్రాథమిక విచారణ అన్నది. అరెస్టుకు పై అధికారి అనుమతి అన్నది. ముందస్తు బెయిలుకు తలుపు తెరిచింది. తీర్పులో కొట్టేసిన కేసుల లెక్కలు కూడా ఎత్తిచూపారు. అది చదివినప్పుడు నాకు నా చేతిరాత కనబడింది.

ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. ఉత్తరాదిన మనుషులు చనిపోయారు. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి ఆ షరతులను తీసేసింది. 2019 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు కూడా తన ఆదేశాలను వెనక్కి తీసుకుంది. ఎవరో రోడ్డెక్కి, ఎవరో ప్రాణాలిచ్చి, మనం అమ్ముకున్నదాన్ని మళ్ళీ తెచ్చి మన చేతిలో పెట్టారు. ఆ రోజు హిందూపురంలో మన సంఘాలు ఏం చేస్తున్నాయి? ఎవరికి వారు గుర్తు చేసుకోండి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. "రాజీ పడకుండా నిలబడితే మాత్రం న్యాయం దొరుకుతుందా సార్? చుండూరు చూడండి" అంటారు. చూద్దాం. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. మా ఊళ్ళోనే కోర్టు పెట్టాలని బాధితులు పట్టుబట్టారు. తారకం గారు ఆ పోరాటంలో వాళ్ళ పక్కన నిలిచారు. చివరికి చుండూరులోనే ప్రత్యేక కోర్టు కూర్చుంది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది, ఇంకో 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. మన ఆదివాసుల సంగతీ చూడండి. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీ వాకపల్లిలో పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోదు ఆడబిడ్డలు ఫిర్యాదు చేశారు. బాలగోపాల్ గారు వాళ్ళ తరఫున వాదించారు. 2023లో ప్రత్యేక కోర్టు పోలీసులను వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెప్పి బాధితులకు పరిహారం ఇమ్మంది.

నిజమే, ఓడిపోయారు. కానీ ఓడిపోయిన కేసు వేరు, అమ్ముకున్న కేసు వేరు. చుండూరు సాక్షులు ఏళ్ళు గడిచాక కూడా తమ కళ్ళతో చూసింది చూసినట్టు చెప్పారు. వాకపల్లి తల్లులు బడి మెట్లెక్కినవాళ్ళు కాదు, కొండ దిగి కోర్టుకొచ్చారు. పదహారేళ్ళు మాట మార్చలేదు. వాళ్ళ ఓటమి న్యాయవ్యవస్థ మీద మచ్చ. మన రాజీ మన మీద మచ్చ. కారంచేడు కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 డిసెంబరు వచ్చింది. 23 ఏళ్ళు. హైకోర్టు వదిలేసినవాళ్ళకు అక్కడ శిక్ష పడింది, ప్రధాన ముద్దాయికి యావజ్జీవం. 23 ఏళ్ళలో ఒక్క రోజు ఎవరైనా "పోనీలే" అని ఉంటే ఆ తీర్పు వచ్చేది కాదు. టీటీసీ చదివి, డీఎస్సీ రాసి, నెల జీతం తీసుకునే నేను ఒక్క వారం నిలబడలేకపోయాను.

ఏం చేద్దాం

తోటి టీచర్లారా, నెలకు ఒక్క గంట చాలు. బడిలో కుదరకపోతే తండాలో, ఎరుకలవాడలో, రాత్రి పూట వీధి లైటు కింద చెప్పండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఈ కేసును డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చెయ్యాలి. అరవై రోజుల్లో చార్జిషీటు వెయ్యాలి. ముద్దాయికి ముందస్తు బెయిలు కుదరదని చట్టం చెబుతుంది. కావాలని పని ఎగ్గొట్టిన అధికారి మీదా కేసు పెట్టవచ్చు. పరిహారం మొత్తం తీర్పు వచ్చేదాకా ఆగదు, దశలవారీగా వస్తుంది. సాక్షికి దారి ఖర్చులు ఇవ్వాలి. అరెస్టయినవాణ్ణి ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇవి తెలిసిన తల్లికి నలభై వేల కాగితం చూపించడం అంత సులువు కాదు. ఆ రోజు నేను మా చెల్లెలికి ఇందులో ఒక్క ముక్క చెప్పలేదు. నాకే తెలియదు.

సంఘం నాయకులారా, పెళ్ళి పంచాయితీలు చేసుకోండి, గట్టు తగాదాలు తీర్చండి. అట్రాసిటీ కేసులో మధ్యవర్తిగా కూర్చోకండి. కూర్చున్న మనిషి ఏ పార్టీవాడైనా, ఎంత పెద్దవాడైనా, ఆ పేరు మన మీటింగులో నలుగురి ముందు చెబుదాం. నా పేరుతోనే మొదలుపెట్టండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు టీచరు, కానిస్టేబులు, సచివాలయం ఉద్యోగం తప్ప ఇంకో కల లేకుండా పెంచింది మేమే. హిందూపురంలో కోర్టుంది, పెనుకొండలో ఉంది, ధర్మవరంలో ఉంది. ఆ ఆవరణల్లోకి పోయి నల్లకోటు వేసుకున్న మన పిల్లలు ఎందరున్నారో లెక్కపెట్టి రండి. ఇంటర్ తర్వాత అయిదేళ్ళ లా ఉంది, డిగ్రీ తర్వాత మూడేళ్ళది ఉంది, లాసెట్ రాయాలి. ప్రతి తండా నుంచీ లాయరు రావాలని అనను. ఈ మూడు ఊళ్ళకూ ఒక్కొక్కరు వచ్చినా చాలు. రాజీ కోసం వచ్చే పెద్దమనిషి ముందు మన ఇంటి గడప మీద నల్లకోటు కనబడాలి.

వచ్చే ఆగస్టు 9న ఆ ఫొటో మళ్ళీ తీసుకొస్తాను. "ఈయనెవరు సార్?" అని అడిగిన పిల్లవాణ్ణే దాని గురించి అయిదు నిమిషాలు మాట్లాడమంటాను. వాడు మాట్లాడకపోతే నేనే మాట్లాడతాను. బెంగళూరుకు ఫోను చేసి మా మేనల్లుణ్ణి కూడా రమ్మంటాను. వస్తాడో రాడో చెప్పలేను. వస్తే మాత్రం వాడి ముందే అందరికీ చెబుతాను, ఆ కాగితం రాసింది నేనేనని.